రేడియోలో రచయితలు, కళాకారులు, ఆలోచనాపరులతో ముఖాముఖి: తరచుగా అడిగే ప్రశ్నలు

సాంస్కృతిక ముఖాముఖికీ వార్తల ఇంటర్వ్యూకీ తేడా ఏమిటి?

వార్తల ఇంటర్వ్యూలో ప్రశ్నకు స్పష్టమైన గురి ఉంటుంది. ఏం జరిగింది, బాధ్యులెవరు, ఇకపై ఏం చేస్తారు అని అడుగుతారు. జవాబు వచ్చిందో, మాట దాటవేశారో శ్రోతకు అప్పటికప్పుడే తెలిసిపోతుంది. కవితోనో, చిత్రకారిణితోనో, తత్త్వవేత్తతోనో మాట్లాడేటప్పుడు రాబట్టవలసిన రహస్యం సాధారణంగా ఏమీ ఉండదు. తన పని గురించి ఆ వ్యక్తి చెప్పదలచుకున్నది చాలావరకు ఎక్కడో ఒకచోట అచ్చయ్యే ఉంటుంది. అయినా ఆ గొంతు వినాలని శ్రోత ఎందుకు కోరుకుంటాడంటే, ఆలోచన పుట్టేటప్పుడు చేసే చప్పుడు పుస్తకంలో వినబడదు కనుక. సరైన మాట కోసం వెతుక్కోవడం, వాక్యం మధ్యలో దారి మార్చుకోవడం, “కాదు, అలా అనకూడదు” అంటూ తన మాటను తానే సరిదిద్దుకోవడం అచ్చుకు వెళ్లేలోపు తుడిచిపెట్టుకుపోతాయి. రేడియోలో అవి మిగులుతాయి. ప్రశ్నలు తయారు చేసుకోవడం దగ్గర నుంచి టేపు కోయడం వరకు ప్రతి పనిలోనూ ఆ చప్పుడును కాపాడామా, పాడుచేశామా అన్నదే మేము వేసుకునే కొలత. ఈ పేజీలోని జవాబులన్నీ ఆ కొలతతో రాసినవే.

దృశ్యం లేకపోవడం పెద్ద లోటు కాదా? చిత్రకారులతో, శిల్పులతో రేడియోలో ఎలా మాట్లాడతారు?

లోటే, కాని పనికొచ్చే లోటు. టెలివిజన్‌లో చిత్రపటాన్ని తెరమీద చూపించేస్తే దాని గురించి మాట్లాడవలసిన అవసరం సగం తీరిపోతుంది. రేడియోలో చిత్రకారుడు తన బొమ్మను మాటల్లో మళ్లీ గీయక తప్పదు, అలా గీస్తున్నప్పుడు తనకే కొత్తగా తోచిన సంగతులు బయటికి వస్తాయి. అయితే ప్రశ్న కూడా చేతికి తగిలేలా ఉండాలి. “మీ చిత్రాల్లో నీలానికి ఉన్న ప్రాధాన్యం ఏమిటి?” అని అడిగితే సిద్ధాంతం వస్తుంది, అదీ అంతకుముందు పదిచోట్ల చెప్పినదే. “ఈ చిత్రంలో మొదటిసారి నీలం పూసేటప్పటికి కాన్వాసు మీద ఏమేం ఉన్నాయి?” అని అడిగితే ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. కుడివైపున ఒక బూడిదరంగు మరక ఉండేదనీ, దాన్ని కప్పేయడానికే నీలం తీశాననీ, తీరా పూశాక మరకే బాగుందనిపించి సగం గోకేశాననీ చెబుతాడు. ఆ మాట విన్న శ్రోత చిత్రాన్ని చూడకపోయినా, చిత్రకారుడి చేతిని చూసినట్టే.

కెమెరా లేకపోవడం వల్ల ఇంకొక లాభం ఉంది. దీపాల వెలుగులో తన ముఖం ఎలా కనబడుతోందో అన్న స్పృహ అతిథికి ఉండదు. స్టూడియోలో పది నిమిషాలు గడిచేసరికి మైకు సంగతి కూడా చాలామంది మరిచిపోతారు.

ఈ ప్రక్రియ ఎప్పుడు, ఎలా మొదలైంది?

రేడియో తొలి దశాబ్దాల్లో రచయితలూ పండితులూ ఎక్కువగా రాసుకొచ్చిన ప్రసంగాలనే చదివేవారు. సంభాషణలా వినిపించినవి కూడా తరచుగా ముందే రాసి చదివినవే. బీబీసీలో రాయ్ ప్లామ్లీ 1942 జనవరిలో ప్రారంభించిన ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’లో అతిథి ఒంటరి దీవికి తీసుకుపోయే ఎనిమిది రికార్డులను ఎంచుకుని వాటి గురించి మాట్లాడాలి. అంత సహజంగా తోచే ఆ కార్యక్రమంలో కూడా తొలిరోజుల్లో మాటలన్నీ కాగితం మీద సిద్ధమయ్యాకే మైకు ముందుకు వచ్చేవి.

పరిస్థితిని మార్చింది అయస్కాంత టేపు. జర్మనీలో ఏఈజీ సంస్థ 1935లో ప్రదర్శించిన టేపు రికార్డరు రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇతర దేశాల రేడియో కేంద్రాలకు చేరింది. గంటల తరబడి మాట్లాడనిచ్చి, తరువాత కావలసినంత ఉంచుకోవచ్చన్న వెసులుబాటు అప్పుడు వచ్చింది. ఫ్రాన్స్‌లో జాఁ అమ్రూష్ 1949లో ఆంద్రే జీద్‌తో సాగించిన ధారావాహిక సంభాషణలు ఒక రచయిత జీవితాన్నీ రచనలనూ వరుసగా చర్చించే పద్ధతికి బాట వేశాయి. ఆ వెంటనే, 1950–51లో, రొబేర్ మాలే అడగగా పోల్ లెయోతో అనే రచయిత ఇచ్చిన జవాబులు ప్రసారమయ్యాయి. ఎనభైకి దగ్గరపడుతున్న ఆ రచయిత అప్పటివరకు కొద్దిమంది సాహితీపరులకే తెలుసు. ఆ పెళుసు మాటలూ ఆ గొంతూ విన్నాక దేశమంతా ఆయన పేరు మారుమోగింది. రచనలు చేయలేని పనిని గొంతు చేసిందని నొచ్చుకునేవారు ఉంటారు, మేము మాత్రం నొచ్చుకోము. గొంతు విని పుస్తకం దగ్గరకు వెళ్లిన పాఠకుడూ పాఠకుడే కదా.

1951లో స్తెఫాన్ కుదెల్స్కీ వెంట తీసుకుపోగలిగిన తొలి నాగ్రా టేపు రికార్డరును తయారు చేయడంతో స్టూడియోను వదిలి రచయిత ఇంటికి, శిల్పి పనిచేసే చోటుకు వెళ్లి రికార్డు చేయడం క్రమంగా మామూలైంది. ఆలోచనలకే ప్రత్యేకించిన ప్రసారాలు కూడా ఆ కాలంలోనే పెరిగాయి: బీబీసీ థర్డ్ ప్రోగ్రాం 1946లో, ఫ్రాన్స్ కుల్త్యూర్ 1963లో, కెనడాలో ప్రజా ప్రసార సంస్థ సీబీసీ వారి ‘ఐడియాస్’ 1965లో మొదలయ్యాయి.

కొత్తగా వినేవారు, నేర్చుకునేవారు ఎవరి ముఖాముఖిలతో మొదలుపెట్టాలి?

స్టడ్స్ టెర్కెల్‌తో. 1952 నుంచి 1997 వరకు చికాగోలోని డబ్ల్యూఎఫ్‌ఎంటీ కేంద్రంలో ఆయన సంగీతకారులతో, నటులతో, రచయితలతో, ఉద్యమకారులతో మాట్లాడారు. టేపు రికార్డరు నడపడంలో ఆయన తడబాటు ప్రసిద్ధం. మీట ఎక్కడుందో వెతుక్కుంటున్న పెద్దమనిషిని చూసి ఎదుటివారి బెరుకు పోయేదని చెబుతారు, అది నిజమే అయి ఉంటుంది.

టెర్రీ గ్రాస్ 1975 నుంచి ఫిలడెల్ఫియాలో ‘ఫ్రెష్ ఎయిర్’ను నిర్వహిస్తున్నారు, 1987 నుంచి అది ప్రతిరోజూ అమెరికా అంతటా ప్రసారమవుతోంది. సీబీసీలో ఎలినార్ వాక్టెల్ 1990 నుంచి 2023 వరకు నడిపిన ‘రైటర్స్ అండ్ కంపెనీ’, రచనలను లోతుగా చదివి అడిగే ప్రశ్న ఎలా ఉంటుందో చూపిస్తుంది. ఫ్రెంచ్ తెలిసినవారు ఫ్రాన్స్ అంతేర్‌లో 1968లో జాక్ షాన్సెల్ ప్రారంభించిన ‘రాడియోస్కోపీ’ని వినవచ్చు. స్పానిష్ తెలిసినవారు 1984లో బ్యూనస్ ఎయిర్స్‌లో ఓస్వాల్దో ఫెర్రారీతో అర్జెంటీనా రచయిత బోర్హెస్ మొదలుపెట్టిన రేడియో సంభాషణలను వదలకూడదు. అప్పటికి బోర్హెస్‌కు చూపు లేదు. కాగితం చూసి చదివే అవకాశమే లేని మనిషి జ్ఞాపకం మీద ఆధారపడి, ఒక పద్యం నుంచి ఒక పదం వ్యుత్పత్తికీ అక్కడి నుంచి ఒక కలకూ నడిచిపోతూ ఉంటాడు.

ముఖాముఖికి ముందు అతిథి రచనలన్నీ చదవాలా?

అన్నీ చదవడం ఎప్పుడూ కుదరదు. ఏ పుస్తకం గురించి మాట్లాడబోతున్నామో దాన్ని మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు స్వయంగా చదవాలి. వెనుక అట్ట మీది పరిచయమూ, ఇతరులు రాసిన సమీక్షలూ చదివి వచ్చి ప్రశ్నలు అడిగే పరిచయకర్త రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. అతిథి మర్యాదకు పైకి ఏమీ అనకపోవచ్చు, కాని ఆ తరువాత ఆయన ఇచ్చే జవాబులన్నీ అట్ట వెనుక రాసినట్టే ఉంటాయి.

మేము పాటించే పద్ధతి ఇది. మొదటిసారి ఏమీ రాసుకోకుండా పాఠకుల్లా చదువుతాము. రెండోసారి పెన్సిలు పట్టుకుని, అర్థం కాని చోట ఒక గీత, ఆగిపోయిన చోట ఒక గీత, నమ్మబుద్ధి కాని చోట ఒక గీత పెడతాము. ప్రశంసించదలచిన చోట గీత పెట్టము, ఎందుకంటే ప్రశంస నుంచి ప్రశ్న పుట్టదు. ఆ తరువాత రచయిత ఇంతకుముందు ఇచ్చిన ముఖాముఖిలు మూడు నాలుగైనా వింటాము. ఏ ప్రశ్నకు ఆయన వద్ద వల్లెవేసిన జవాబు ఉందో తెలుసుకుని దాన్ని పక్కన పెట్టడానికి ఇదొక్కటే మార్గం. పేరొందిన రచయితలు తమ చిన్ననాటి సంఘటన ఒకదాన్ని ఒకే పదాలతో, ఒకే చోట నవ్వుతూ ఇరవై ఏళ్లుగా చెబుతూ ఉంటారు. అందులో వారి తప్పేమీ లేదు, అందరూ అదే అడుగుతున్నారు మరి.

ప్రశ్నలను అతిథికి ముందే పంపించాలా?

విషయాలు పంపించాలి, ప్రశ్నలు పంపించకూడదని మా అభిప్రాయం. ఏ పుస్తకం గురించి, ఏ కాలం గురించి, ఎంతసేపు మాట్లాడతామో తెలిస్తే అతిథి మనసులో ఆ గదుల తలుపులు తెరిచి పెట్టుకుని వస్తారు. ప్రశ్నలే చేతికిస్తే జవాబులు రాసుకుని వస్తారు, ఇక మనం వినేది ప్రసంగమే.

దీనికి ప్రసిద్ధమైన మినహాయింపు నవలా రచయిత వ్లాదిమీర్ నబొకోవ్. ప్రశ్నలు ముందుగా రాతపూర్వకంగా రావాలనీ, జవాబులు కూడా తాను రాసే ఇస్తాననీ ఆయన షరతు పెట్టేవారు. అప్పటికప్పుడు మాట్లాడే మాట మీద ఆయనకు నమ్మకం లేదు. అటువంటివారి నియమాన్ని గౌరవించవలసిందే. కాకపోతే అది అచ్చులో నిలిచే సంభాషణ అవుతుంది. నత్తి ఉన్నవారు, తమకు రెండో భాషలో మాట్లాడవలసి వచ్చినవారు, వయసు వల్ల పేర్లు వెంటనే తట్టనివారు కోరితే మాత్రం ప్రశ్నలను సంతోషంగా ముందే పంపాలి. వారి విషయంలో సిద్ధపాటే గొంతును విప్పుతుంది.

మొదటి ప్రశ్న ఎలా ఉండాలి?

చిన్నదిగా, జవాబు తెలిసినదిగా, ఒక వస్తువు గురించో ఒక చోటు గురించో ఉండాలి. “మీ సాహిత్య ప్రస్థానం గురించి చెప్పండి” అన్న ప్రశ్నను ఈ రంగం నుంచి శాశ్వతంగా బహిష్కరించినా నష్టం లేదు. అది ప్రశ్న కాదు, పని అప్పగించడం.

రాసుకున్న ప్రశ్నల వరుసను పాటించాలా?

పది ప్రశ్నలు రాసుకుని వెళ్లి నాలుగే అడిగి వచ్చిన రోజు మంచి రోజు. అసలైన ప్రశ్న కాగితం మీద ఉండదు, అది ఎదుటివారి జవాబులో ఉంటుంది. నవలా రచయిత్రి ఒకరు, “ఆ పాత్రను చంపేశాక నాలుగు నెలలు ఏమీ రాయలేదు, తోటపని చేశాను” అన్నారనుకుందాం. కాగితం మీద తరువాతి ప్రశ్న కథనశైలి గురించి ఉంటే, చాలామంది తల ఊపి కథనశైలికి వెళ్లిపోతారు. శ్రోత మాత్రం ఆ తోట దగ్గరే నిలబడి ఉంటాడు: ఏం నాటారు, తిరిగి రాయడానికి కూర్చున్న రోజు ఏమైంది? పరిచయకర్త శ్రోత నిలబడిన చోటే నిలబడాలి.

ఇది చెప్పినంత సులువు కాదు. ఎదుటివారు మాట్లాడుతుంటే గడియారం చూడాలి, శబ్దస్థాయిని గమనించాలి, తరువాత ఎటు వెళ్లాలో ఆలోచించాలి, వీటన్నిటితో పాటు వినాలి. ఈ నాలుగింటిలో మొదట జారిపోయేది వినడమే. అందుకే స్టూడియోలో సాంకేతిక నిపుణులు ఉన్నప్పుడు గడియారాన్నీ మీటర్లనూ వారికి అప్పగించడం మంచిది.

అతిథి మాట్లాడుతున్నప్పుడు ఊ కొట్టవచ్చా?

నలుగురం కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఊ కొట్టకపోతే అమర్యాద. మైకు ముందు ఊ కొడితే ఆ ధ్వని అతిథి మాట మీద పడి, ఎడిటింగులో ఆ వాక్యాన్ని ఎక్కడ కోయబోయినా అడ్డు వస్తుంది. కళ్లతో, తల ఊపడంతో, ముందుకు వంగడంతో ఊ కొట్టడం నేర్చుకోవాలి. మొదటి నెల మెడ నొప్పి పుడుతుంది, తరువాత అలవాటవుతుంది.

జవాబు మధ్యలో అతిథి మౌనంగా ఉండిపోతే ఏం చేయాలి?

ఏమీ చేయకూడదు. మైకు ముందు మౌనం ఉన్నదానికంటే చాలా పొడవుగా తోస్తుంది. రెండు సెకన్లు గడిచేసరికి ఏదో ఒకటి మాట్లాడి నింపాలన్న తహతహ పుడుతుంది. ఆ తహతహను నాలుగైదు సెకన్లు ఆపుకోగలిగితే, ముఖాముఖి మొత్తంలో మనకు గుర్తుండే వాక్యం ఆ మౌనం చివర వస్తుంది. ఎదుటివారు మొదట ఇచ్చినది అలవాటైన జవాబు; మనం తొందరపడి తరువాతి ప్రశ్న వేయలేదు కనుక, అది చాలలేదేమోనని వారే మళ్లీ లోపలికి వెళ్లి చూసుకుంటారు. లోపలి నుంచి తెచ్చేది వేరుగా ఉంటుంది.

టేపు రోజుల్లో మౌనానికి కంటికి కనబడే పొడవు ఉండేది. సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో తిరిగే టేపు మీద రెండు సెకన్ల మౌనమంటే 76 సెంటీమీటర్ల గోధుమరంగు పట్టీ. దాన్ని బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలనూ అంటుపట్టీతో కలిపి, తీసేసిన ముక్కను పారేయకుండా మెడలో వేసుకునేవారు. కలిపినది విన్నాక చాలాసార్లు ఆ ముక్కను మెడలోంచి తీసి, ఉన్నచోటే మళ్లీ అతికించవలసి వచ్చేది. మౌనం తీసేసిన జవాబు చురుగ్గా వినబడేది, కాని అబద్ధంలా వినబడేది. ఇప్పుడు తెర మీద ఒక్క మీటతో ఎన్ని మౌనాలనైనా తీసేయవచ్చు, తీసినవి మెడలో వేలాడవు. విరామాలన్నిటినీ తానే వెతికి కత్తిరించే సాఫ్ట్‌వేర్లూ వచ్చాయి. వాటిని సాంస్కృతిక ముఖాముఖిలకు వాడవద్దని మా గట్టి సలహా.

పొడిపొడిగా జవాబిచ్చే అతిథితో, లేదా ఆపకుండా మాట్లాడే అతిథితో ఎలా?

అవును, కాదు అని తేల్చేసే అతిథి చాలాసార్లు భయపడుతున్న అతిథే. ఆయన పని గురించి అడగడం మానేసి పనిముట్ల గురించి అడగాలి: ఏ పెన్ను, ఏ కాగితం, రోజులో ఏ సమయం, ఏ బల్ల. కళ గురించి మాట్లాడటానికి జంకేవారు కూడా ఉలి గురించి అరగంట మాట్లాడతారు, ఆ అరగంటలో కళ అంతా ఉంటుంది.

ఆపకుండా మాట్లాడేవారిని ఊపిరి తీసుకునే చోట పేరు పెట్టి పిలిచి ఆపవచ్చు. మాటకు అడ్డుపడటం తప్పు కాదు. అడ్డుపడి సొంత అభిప్రాయం చెప్పడం తప్పు.

తత్త్వశాస్త్రం, విజ్ఞానం వంటి క్లిష్టమైన విషయాలు సాధారణ శ్రోతకు అందుతాయా?

అందుతాయి. 1998 నుంచి బీబీసీలో వస్తున్న ‘ఇన్ అవర్ టైమ్’లో మెల్విన్ బ్రాగ్ సాధారణంగా ముగ్గురు విద్వాంసులను కూర్చోబెట్టి ఒకే విషయం మీద ముప్పావు గంట దాకా మాట్లాడించారు. విషయాన్ని పలచన చేయకుండానే ఆ కార్యక్రమం పెద్ద శ్రోతృవర్గాన్ని సంపాదించుకుంది. శ్రోత పేజీ వెనక్కి తిప్పలేడన్న సంగతిని గుర్తుంచుకుంటే చాలు. పారిభాషిక పదం మొదటిసారి వచ్చిన వెంటనే ఆపి, “దాన్ని ఒక ఉదాహరణతో చెప్పండి” అని అడగాలి. తనకు తెలుసు కదా అని పరిచయకర్త ఆ పదాన్ని వదిలేస్తే, తనకు తెలుసని చూపించుకున్నట్టవుతుందే తప్ప శ్రోతకు ఒరిగేదేమీ ఉండదు. ఒక పేరును పది నిమిషాల తరువాత ప్రస్తావిస్తే ఆయనెవరో మళ్లీ ఒక్క మాటలో గుర్తుచేయాలి. భావనలు మూడుకు మించితే నాలుగోదాన్ని ఇంకొక కార్యక్రమానికి దాచుకోవడం మేలు.

అతిథితో విభేదించవచ్చా? వాదించవచ్చా?

విభేదించవచ్చు, విభేదించాలి కూడా. “మీ పుస్తకం మూడో అధ్యాయంలో చెప్పినదానికీ ఇప్పుడు చెప్పినదానికీ పొంతన కుదరడం లేదు” అన్నది చదివి వచ్చినవారు మాత్రమే అనగలిగిన మాట, అందులో గౌరవమూ ఉంది. వాదం వేరే ప్రక్రియ. 1948లో బీబీసీలో దేవుడి ఉనికి మీద తత్త్వవేత్త బెర్ట్రండ్ రసెల్‌కూ క్రైస్తవ మతగురువు ఫ్రెడరిక్ కోపుల్‌స్టన్‌కూ జరిగిన సంవాదం ఈనాటికీ చదవదగినదే. అక్కడ ఇద్దరూ సమాన ప్రతిపక్షులు. ముఖాముఖిలో ఇద్దరి స్థానాలు సమానం కావు. ఒకరు అడగడానికి, ఇంకొకరు చెప్పడానికి వచ్చారు. గెలవవలసిన పని అడిగేవారికి లేదు.

వ్యక్తిగత జీవితం గురించి ఎంతవరకు అడగవచ్చు?

రచనలోకి వచ్చిన జీవితం గురించి అడగవచ్చు. ఆత్మకథలో విడాకుల గురించి రాసినవారిని ఆ అధ్యాయం గురించి అడగడంలో తప్పు లేదు. ఆ అధ్యాయంలో లేని పిల్లల గురించి అడగడం తప్పు. ఏ ప్రశ్నయినా మరీ వ్యక్తిగతంగా తోస్తే చెప్పండి, వేరే సంగతికి వెళదామని టెర్రీ గ్రాస్ అతిథులకు ముందే చెబుతారు. ఈ మాట ముందుగా చెప్పడం వల్ల విచిత్రంగా అతిథులు తక్కువ కాకుండా ఎక్కువే మాట్లాడతారు, తలుపు తమ చేతిలో ఉందని తెలుసు కనుక.

రికార్డింగుకు ఎలాంటి గది, ఎలాంటి మైకు కావాలి?

ఖరీదైన మైకు కన్నా మెత్తని గది ముఖ్యం. పుస్తకాల బీరువాలు, పరదాలు, తివాచీ ఉన్న గదిలో సాధారణ మైకు కూడా బాగా పలుకుతుంది. నున్నని గోడల గదిలో ఎంత మంచి మైకైనా బావిలో మాట్లాడినట్టే ఉంటుంది. మైకును నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెట్టాలి, లేకపోతే ప, ఫ, బ, భలు పలికినప్పుడు గాలి దెబ్బ తగులుతుంది. ఫ్యాను, ఏసీ, రిఫ్రిజిరేటరు ఆపాలి. తిరిగి వేయడం మరిచిపోకుండా రిఫ్రిజిరేటరులో మన తాళంచెవులు పెట్టుకునే పాత చిట్కా ఇప్పటికీ పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అర నిమిషం గదిని వినండి. కిర్రుమనే కుర్చీ, బల్లకు తగిలే ఉంగరం, అతిథి వేళ్లు ఆడిస్తున్న పెన్ను మీట అప్పుడే పట్టుబడతాయి. అందరూ మౌనంగా ఉండగా ఆ గది శబ్దాన్ని కూడా అర నిమిషం రికార్డు చేసి ఉంచుకోవాలి. ఎడిటింగులో రెండు వాక్యాల మధ్య విరామం పెట్టవలసి వస్తే ఆ శబ్దమే పెడతారు. శుద్ధ నిశ్శబ్దం పెడితే ప్రసారం ఆగిపోయినట్టు వినబడుతుంది.

అతిథి వేరే ఊళ్లో ఉంటే నాణ్యత దెబ్బతింటుందా?

శబ్దం దెబ్బతినకుండా చూడవచ్చు. ఎవరి గొంతును వారి వద్దే విడిగా రికార్డు చేసి తరువాత కలిపితే శ్రోతకు ఇద్దరూ ఒకే గదిలో ఉన్నట్టుంటుంది. ఇక సాన్నిహిత్యం మాటకొస్తే, టెర్రీ గ్రాస్ ముఖాముఖిల్లో ఎక్కువ భాగం అతిథి వేరొక స్టూడియోలో ఉండగా జరిగినవే. ముఖం కనబడకపోతే చూపు చెదరదు, వినడం ఒక్కటే మిగులుతుంది.

ఎడిటింగులో ఏది తీయవచ్చు, ఏది తీయకూడదు?

మళ్లీ మళ్లీ వచ్చిన మాట, దారి తప్పిన పిట్టకథ, దగ్గు, తప్పుగా చెప్పి వెంటనే దిద్దుకున్న తేదీ తీసేయవచ్చు. జవాబు అర్థాన్ని మార్చే ఏ కోతా చేయకూడదు. “సాధారణంగా”, “నా మట్టుకు”, “బహుశా” వంటి మాటలను అందం కోసం తీసేయడం అందరూ తెలియకుండా చేసే అపచారం. ఆచితూచి మాట్లాడే ఆలోచనాపరుడి నోట అవి తీసేస్తే, ఆయన ఎన్నడూ అనని తీర్పు ఆయన గొంతులో వినబడుతుంది. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును ఇంకొక ప్రశ్న వెనుక అతికించడం ఏ పరిస్థితిలోనూ కుదరదు.

కోతనే కళగా చేసినవారూ ఉన్నారు. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1967లో సీబీసీకి చేసిన ‘ది ఐడియా ఆఫ్ నార్త్’లో కెనడా ఉత్తర ప్రాంతం గురించి విడివిడిగా మాట్లాడించిన ఐదుగురి గొంతులను స్వరాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చారు. అది అద్భుతమైన రేడియో. కాని దాన్ని విన్నవారెవరూ ఆ ఐదుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారని పొరబడరు. కూర్పు కూర్పులాగే వినబడితే మోసం లేదు.

ప్రసారానికి ముందు అతిథికి వినిపించి అనుమతి తీసుకోవాలా?

పేర్లలో, తేదీల్లో, వాస్తవాల్లో తప్పులు సరిచూసుకోవడానికి వినిపించవచ్చు. తీసివేతల అధికారం ఇవ్వడం మాత్రం మేము సమర్థించము. 1953లో మొదలైన పారిస్ రివ్యూ పత్రిక ముఖాముఖిలలో రచయితలు తమ జవాబులను చూసుకుని దిద్దుకునే సంప్రదాయం ఉంది, అందుకే అవి అంత చిక్కగా ఉంటాయి. అది అచ్చుకు తగిన పద్ధతి. రేడియోలో అదే స్వేచ్ఛ ఇస్తే అతిథి మొట్టమొదట తీసేయమనేది తన తడబాటునే. ఎవరికైనా ప్రమాదం తెచ్చిపెట్టే మాట, మూడో వ్యక్తి గోప్యతకు భంగం కలిగించే మాట పొరపాటున దొర్లిందని అతిథి చెబితే మాత్రం వాదించకుండా తీసేయాలి. రికార్డింగును ఎక్కడెక్కడ, ఎంతకాలం వినిపిస్తామో, పాఠంగా అచ్చువేస్తామో లేదో మొదలుపెట్టడానికి ముందే చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోవడం ఇద్దరికీ మంచిది.

అతిథి మనకు తెలియని భాషలో మాట్లాడితే?

మొదటి వాక్యాన్ని అతిథి గొంతులోనే పూర్తిగా వినిపించి, తరువాత ఆ గొంతును తగ్గించి దాని మీద అనువాదం చదవడం వాడుకలో ఉన్న పద్ధతి. చివరి మాటలు మళ్లీ మూలంలో వినబడాలి. అనువాదం చదివేవారు నటించకూడదు. అతిథి నవ్విన చోట అనువాదకుడు నవ్వనక్కరలేదు. కింద నుంచి ఆ నవ్వు వినబడేంత చోటు వదిలితే సరిపోతుంది.

రచయితతో రచన చదివించాలా?

తప్పకుండా, కాని రెండు నిమిషాలకు మించకుండా, వీలైతే సంభాషణ మొదట్లోనే. చదివించిన భాగం గురించి వెంటనే అడగడానికి ఒక ప్రశ్న ఉండాలి, లేకపోతే అది ప్రకటనలా మిగిలిపోతుంది. ప్రచురణకర్త అనుమతి, వినిపించే సంగీతానికి హక్కుల అనుమతి ముందే తీసుకోవాలి.

పాడ్‌కాస్టులు వచ్చాక నిడివికి హద్దు ఉండాలా?

రేడియోలో గడియారం ఎడిటరు పని సగం చేసేది. అరగంట ఉంటే అరగంటే, తరువాత వార్తలు. పాడ్‌కాస్టులో ఆ గోడ లేదు కనుక మూడు గంటల సంభాషణలు పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్ని గొప్పవి, చాలావాటిలో ఒక మంచి గంట దాక్కుని ఉంది. ఆ గంటను వెతికి తీసే శ్రమను శ్రోత మీద వేయకూడదు.

పాత ముఖాముఖిలు ఎక్కడ దొరుకుతాయి? మావి ఎలా భద్రపరచుకోవాలి?

చాలా దొరకవు. డిస్కులూ టేపులూ ఖరీదైన కాలంలో రికార్డు చేయనివి కొన్ని, చెరిపేసి మళ్లీ వాడుకున్నవి కొన్ని. ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’ తొలి సంవత్సరాల కార్యక్రమాల్లోనే ఎన్నో మిగలలేదు. టెర్కెల్ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. ఆయన టేపులు 5,000కు పైగా భద్రంగా ఉన్నాయి, వాటిని డిజిటల్ రూపంలోకి మార్చి అందరికీ వినిపించే పని చికాగోలో జరుగుతోంది.

చిన్నగా మొదలుపెట్టేవారు ఎడిటు చేసిన ప్రతినే కాకుండా కోయని మూలాన్ని కూడా, కుదించని వేవ్ ఫైలుగా, రెండు వేర్వేరు చోట్ల ఉంచుకోవాలి. పది నిమిషాలు వాడుకుని వదిలేసిన గంట రికార్డింగులో రేపటి పరిశోధకుడికి కావలసినది ఉండవచ్చు. ఫైలుకు “ఇంటర్వ్యూ ఫైనల్ 2” అని పేరు పెట్టకండి. అతిథి పూర్తి పేరు, తేదీ, చోటు, అడిగినవారి పేరు, ప్రస్తావనకు వచ్చిన పుస్తకాల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టండి. రికార్డింగు మొదట్లోనే, అతిథి కుర్చీ సర్దుకుంటుండగా, ఆ వివరాలను పైకి చదివేస్తే కాగితం పోయినా గొంతులో నిలిచి ఉంటాయి.